సేమ్ టైల్ అడిగితే సేమే ఇచ్చాడు, కానీ సేమ్ కాదు! ఈ మాటకి తెలుగేంటి?

గచ్చునేల (మారతహళ్లి), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సగం బాధ, సగం సందేహం.

మా బాత్రూం గోడ లోపల పైపు లీకైంది. ప్లంబరు గోడ పగలగొడితే తొమ్మిది టైల్స్ పోయాయి. పగిలిన ముక్కొకటి కవర్లో చుట్టుకుని షాపుకెళ్ళి "సేమ్ టైల్ కావాలి" అన్నాను. కుర్రాడు ముక్కని అటూ ఇటూ తిప్పి, వెనకాల ఉన్న పేరు చదివి, ఫోన్లో ఏదో వెతికి "సేమ్ ఉంది సార్" అన్నాడు. నిజమే. అదే కంపెనీ, అదే డిజైన్, అదే సైజు. డబ్బు కట్టి తెచ్చుకున్నాను.

మేస్త్రి వెళ్ళిపోయాక, గ్రౌట్ ఆరాక లైటు వేసి చూస్తే గోడ మధ్యలో తొమ్మిది టైల్స్ చొక్కాకి వేసిన మాసికలా ఉన్నాయి. పాతవి మీగడ రంగు, కొత్తవి పాల రంగు. వెళ్ళి అడిగితే "మీరు సేమ్ అడిగారు, సేమే ఇచ్చాం" అన్నాడు. వాడి మాటలో నాకు తప్పు దొరకలేదు. అదే అసలు బాధ.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. తెలుగులో అడిగుంటే ఏమని అడిగేవాణ్ణి? "అదే టైల్" అంటే అది పగిలిపోయింది కదా. "అలాంటి టైల్" అంటే దగ్గర రంగేదో అంటగడతాడు. "సమానమైన టైల్" అంటే నవ్వుతాడు. అసలు సేమ్‌కి మనకి మాట ఉందా?

టీ కొట్టు బాబాయ్, 9:20

"దొందూ దొందే" ఇవ్వమని అడగాల్సింది.

సైటు మీద ఉన్నా, 9:41

అన్నా, భాష సంగతి తర్వాత. టైల్స్ డబ్బా పక్కన చిన్న స్టాంపు ఉంటుంది, బ్యాచ్ నంబరు, షేడ్ అని. డిజైన్ ఒకటే అయినా ఈసారి బట్టీలో కాల్చినవీ, ఆర్నెల్ల తర్వాత కాల్చినవీ రంగులో కాస్త తేడా వస్తాయి. మట్టి మారినా, పైపూత మారినా, వేడి మారినా తేడానే. సైజులో కూడా మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది. అందుకే ఇల్లు కట్టేటప్పుడు ఒకటి రెండు డబ్బాలు ఎక్కువ కొని అటక మీద పెట్టుకోమని చెప్తాం. ఎవరూ వినరు.

పైగా మీ పాత టైల్స్ మీద ఇన్నేళ్ళ బోరు నీళ్ళు పడ్డాయి. వాటి రంగు కూడా పుట్టినప్పటి రంగు కాదు. అంటే మీ గోడ మీద టైలే దాని పాత రూపానికి సేమ్ కాదు. షాపువాణ్ణి ఏం చేస్తారు?

జాకెట్టు ముక్క, 10:03

తమ్ముడూ, ఈ బాధ మీ మగవాళ్ళకి ఇవాళ తెలిసింది, మాకు పెళ్ళినాటి నుంచీ తెలుసు.

చిక్‌పేటలో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి చూడండి. చీర కొంగు కౌంటరు మీద పరిచి "సేమ్ కలర్" అంటాం. అతను పది తానులు దించుతాడు. ట్యూబులైటు కింద ఒకటి అచ్చు గుద్దినట్టు కలుస్తుంది. తెలిసిన షాపువాడైతే అక్కడితో ఆగడు. తాను భుజాన వేసుకుని, చీర మన చేత పట్టించి, వీధి గుమ్మంలోకి తీసుకొస్తాడు. ఎండలో చూస్తే ఒకటి నెమలికంఠం, ఒకటి సముద్రం! ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. దీనికి మెటామెరిజం అనే పేరుందని మా అమ్మాయి చెప్పింది. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతోందిలెండి. రంగు పేరు ఒకటే అయినా కలిపిన అద్దకాలు వేరైతే ఇలా అవుతుందట.

నేను మాత్రం "సేమ్" అని ఎప్పుడూ అడగను. "దీంట్లో కలిసిపోవాలి" అంటాను. అప్పుడు బాధ్యత వాడిది.

ఏకారం, 10:37

జాకెట్టు ముక్క గారి "కలిసిపోవాలి"కి నా ఓటు. ఇక అసలు ప్రశ్నకి వస్తాను. మా అమ్మ తెలుగు టీచరు, తిట్లు తిని నేర్చుకున్న విషయం ఇది.

సేమ్‌కి తెలుగులో మాట లేదు, అక్షరం ఉంది. "ఏ". మాట చివర తగిలిస్తే చాలు. అది, అదే. వాడు, వాడే. అక్కడ, అక్కడే. అంత, అంతే. అలా, అలాగే. ఇంగ్లీషువాడు వస్తువుకీ చోటుకీ తీరుకీ అన్నిటికీ సేమ్ పక్కన ఇంకో మాట పెట్టుకోవాలి. మనకి దీర్ఘం తీస్తే సరిపోతుంది. "చెప్పిందే చెప్తాడు", "తిన్నదే తింటాడు", "వచ్చిన దారినే పోయాడు". వీటిని ఇంగ్లీషులో చెప్పి చూడండి, ఎంత సాగదీయాలో.

ఇంకో సంగతి. "అదే", "ఒకే" రెండూ సేమే గానీ ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. "మా ఇద్దరిదీ ఒకే ఊరు" అంటాం. "మా ఇద్దరిదీ అదే ఊరు" అంటే, ఏ ఊరు అని అడుగుతారు, ఎందుకంటే అదే అనాలంటే ముందు ఆ ఊరి ప్రస్తావన వచ్చి ఉండాలి. "ఆయనది ఒంగోలు. మాదీ అదే ఊరు." ఇప్పుడు సరి. ఇంగ్లీషులో రెంటికీ సేమ్ విలేజే.

"సమానం" వేరే దారి. అది కొలతకి సంబంధించింది. పిల్లలిద్దరికీ లడ్డూలు సమానంగా పెట్టు అంటే చెరి రెండు. ఇద్దరికీ ఒకే లడ్డూ పెట్టు అంటే కొట్టుకు చస్తారు.

టీ కొట్టు బాబాయ్, 10:44

మా ఇంట్లో చెరి రెండు పెట్టినా కొట్టుకు చస్తారు.

రెండిడ్లీ ఒక వడ, 10:58

ఏకారం గారూ, బాగుంది గానీ మీ "అదే"లో కూడా గచ్చునేల గారి తిరకాసే ఉంది.

పొద్దున్న ఆఫీసు కిందున్న దర్శినిలో నిలబడి తింటాం. నా స్నేహితుడు మసాలా దోసె చెప్తే నేను "నాకూ అదే" అంటాను. వాడి ప్లేటులోది లాక్కోను కదా. నాకు ఇంకో దోసె వస్తుంది. పక్కవాడు కన్నడంలో "ననగూ అదే" అంటాడు, తమిళాయన "ఎనక్కుం అదే" అంటాడు. ముగ్గురికీ మూడు దోసెలు, ఒక్కోటి ఒక్కోలా కాలుతుంది. అయినా మూడూ "అదే". అంటే మన "అదే" కూడా కొన్నిసార్లు ఆ ఒక్కటే, కొన్నిసార్లు ఆ రకం. దక్షిణాది వాళ్ళందరికీ ఒకే జబ్బు.

ఏకారం, 11:06

ఒప్పుకున్నాను. జర్మన్లో ఆ ఒక్కటే అనడానికి ఒక మాట, ఆ రకం అనడానికి ఇంకో మాట నేర్పుతారు బడిలో. దాసెల్బె, దాస్ గ్లైషె. మాట్లాడేటప్పుడు వాళ్ళూ కలిపేస్తుంటారని విన్నాను. కాబట్టి బెంగపడకండి.

కోడ్ కూలీ (సిల్క్ బోర్డ్ జంక్షన్ శాశ్వత నివాసి), 11:30

ఈ తగాదా మా దగ్గర రోజూ ఉంటుంది, జీతం కూడా ఇస్తారు దానికి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు లిస్టులు రాస్తాం, రెంటిలోనూ 1, 2, 3. "==" పెట్టి అడిగితే ట్రూ అంటుంది, లోపలున్న సరుకు ఒకటే కాబట్టి. "ఈజ్" అని అడిగితే ఫాల్స్ అంటుంది, మెమొరీలో రెండూ రెండు వేర్వేరు వస్తువులు కాబట్టి. మొదటిది దోసె ప్రశ్న, రెండోది టైల్ ప్రశ్న. కొత్తగా చేరినవాళ్ళు జావాలో రెండు పేర్లని "==" తో పోల్చి, ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి పనిచేయక జుట్టు పీక్కుంటారు. అక్కడ "ఈక్వల్స్" వాడాలి. జావాస్క్రిప్ట్ ఇంకా ఘోరం. అంకె 1, కొటేషన్లలో రాసిన 1, రెంటినీ "==" తో అడిగితే సేమ్ అంటుంది. "===" అని మూడు గీతలు పెడితే కాదంటుంది.

నా మొదటి ఉద్యోగంలో దీనివల్ల రెండు రాత్రులు నిద్రలేదు. పైథాన్‌లో చిన్న అంకెలకి "ఈజ్" పెట్టినా ట్రూ వస్తుంది. పైథాన్‌ని నడపడానికి మనం మామూలుగా వాడే సీపైథాన్ అనే ప్రోగ్రాము మైనస్ 5 నుంచి 256 దాకా అంకెల్ని ముందే తయారుచేసి పెట్టుకుని అందరికీ అవే ఇస్తుంది. నా టెస్టులన్నీ చిన్న అంకెలతో పాసయ్యాయి. అసలు డేటాలో 256 దాటగానే లెక్క తప్పింది. టెన్షన్‌లో అది పట్టుకునేసరికి తెల్లారింది.

రెండిడ్లీ ఒక వడ, 11:34

పాపం. ఆ బగ్ ఎవరు పెట్టారు?

కోడ్ కూలీ, 11:35

నేనే.

వేదాల్లో ఉంది, ఆదివారం ఉదయం 7:15

ఇంగ్లీషు సేమ్ మన సంస్కృతం "సమ" నుంచే వెళ్ళింది. సమ, సేమ్. ఇంత స్పష్టంగా ఉన్నా ఇంకా చర్చ ఏమిటి?

పాత పుస్తకం, 7:58

వేదాల్లో ఉంది గారూ, చుట్టరికం నిజం, కానీ తల్లీ బిడ్డా కాదు. అక్కాచెల్లెళ్ళ పిల్లలు. సంస్కృతం సమ, గ్రీకు హోమోస్, లాటిన్ సిమిలిస్, ఇవన్నీ "ఒకటి, కలిసి" అనే అర్థమున్న ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. ఇంగ్లీషువాళ్ళకి సేమ్ ఇచ్చింది ఓడల్లో వచ్చిన వైకింగుల నార్స్ భాష. అంతకుముందు పాత ఇంగ్లీషులో సేమ్ బదులు "ఇల్కా" ఉండేది. దాని తోక ఇప్పటికీ "ఇల్క్"లో మిగిలింది. వాడూ వాడి బాపతువాళ్ళూ అని తిట్టేటప్పుడు వాడతారు చూడండి, అదే.

గ్రీకు హోమోస్ మీ ఫ్రిజ్‌లోనే ఉంది. పాల ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే, కొవ్వు కణాల్ని చిన్నగా చితక్కొట్టి పాలంతా ఒకేలా ఉండేట్టు చేశారన్నమాట. మీగడ పైకి తేలదు. మా ఆవిడ ఆ ప్యాకెట్ కొననివ్వదు.

మనం లెక్కల్లో వాడే సమాన గుర్తు కూడా ఎవరో ఒకరు పెట్టిందే. రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ పండితుడు 1557లో అచ్చువేసిన పుస్తకంలో మొదటిసారి రెండు అడ్డగీతలు గీశాడు. ప్రతిసారీ "సమానం" అని రాయలేక విసుగొచ్చిందట. ఒకే పొడవున్న జంట గీతలకన్నా సమానమైనవి ఇంకేముంటాయి అని కారణం చెప్పాడు. ఆయన గీసిన గీతలు ఇప్పటివాటికన్నా చాలా పొడుగు.

వేదాల్లో ఉంది, 8:10

చుట్టరికం ఒప్పుకున్నారు, చాలు.

దస్తావేజు గారబ్బాయి (కేఆర్ పురం), 9:25

మీరు బజారు సేమ్ గురించి చెప్తున్నారు. ఆఫీసు సేమ్ సంగతి ఎవరూ ఎత్తలేదే! "ప్లీజ్ ఫైండ్ ది ఇన్వాయిస్ అండ్ కన్ఫర్మ్ ది సేమ్." రోజుకి ఇరవై మెయిల్స్‌లో చూస్తాను. మా లండన్ కోడలు అడిగింది, "సేమ్ అంటే ఏది మామయ్యా? దేనితో సేమ్?" అని. అక్కడ "ఇట్" అంటే సరిపోయేచోట మనవాళ్ళు ది సేమ్ అంటారు. పాత వ్యాపార ఉత్తరాల, కోర్టు కాగితాల ఇంగ్లీషు అది. అక్కడ దాదాపు పోయింది, మన ఆఫీసుల్లో మాత్రం దర్జాగా బతుకుతోంది.

నాకు మాత్రం అది చూస్తే ఇంటికెళ్ళినట్టుంటుంది. మా నాన్న దస్తావేజులు రాసేవారు. తాలూకా ఆఫీసు ముందు చెట్టు కింద చిన్న బల్ల, సిరాబుడ్డి, ఎండకి గోనెపట్టా. ఆయన రాతలో "సదరు" లేని వాక్యం ఉండేది కాదు. "సదరు స్థలము నందు సదరు విక్రయదారునకు గల సర్వ హక్కులును..." ఒకసారి చిన్నప్పుడు "సదరు అంటే ఎవరు నాన్నా, అందరి కాగితాల్లోనూ ఉన్నాడు?" అని అడిగాను. ఆయన కలం ఆపి చాలాసేపు నవ్వారు. తర్వాత చెప్పారు, పైన ఒకసారి చెప్పినదాన్ని మళ్ళీ పూర్తిగా చెప్పకుండా వేలుపెట్టి చూపించే మాట అని. మీరడిగిన సేమ్‌కి కచేరీ తెలుగు అదేనండి. గచ్చునేల గారు "సదరు టైల్" అని అడిగి ఉండాల్సింది.

టీ కొట్టు బాబాయ్, 9:31

సదరు టైల్ సదరు గోడకి సదరు రంగులో. రిజిస్ట్రేషన్ చేయించండి.

ఇంటిపేరు ముందా వెనకా, 10:40

కాగితాల మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. బెంగళూరులో ఉన్న ప్రతి తెలుగువాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బ ఇది.

పదో తరగతి సర్టిఫికెట్లో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వెనకుంది. పాన్ కార్డులో నా పేరు మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుపోయింది. ఇన్నాళ్ళూ ముగ్గురూ సఖ్యంగానే ఉన్నారు. ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకులో ఒకావిడ మూడూ బల్ల మీద వరసగా పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, "వీళ్ళు ముగ్గురూ ఎవరు?" అని అడిగారు. నేనేనండీ అన్నాను. "అది మీరంటే చాలదు, వన్ అండ్ ది సేమ్ అఫిడవిట్ తెండి" అన్నారు.

కోర్టు దగ్గర ఈ-స్టాంపు కాగితం కొని, టైపిస్టు దగ్గర కూర్చున్నాను. అతని దగ్గర నమూనా రెడీగా ఉంది. పేర్లు మాత్రం మారుస్తాడు. ఫలానావాడూ, ఫలానావాడూ, ఫలానావాడూ వేర్వేరు మనుషులు కారు, ఒక్కరే, ఆ ఒక్కరూ నేనే అని నేనే ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఏ పేరుతో సంతకం పెట్టను? అడిగాను. నోటరీ గారు తల ఎత్తకుండా "ఎప్పుడూ పెట్టేదే పెట్టండి" అన్నారు.

ఏకారం గారూ, చూశారా, "పెట్టేదే". అక్కడా మీ అక్షరమే.

ఏకారం, 10:52

మా అమ్మకి చూపిస్తాను ఇది.

నిన్నటి బస్సు, 11:20

నాదీ ఒకటి. రాత్రి 500డి దిగేటప్పుడు టిఫిన్ డబ్బా సీటు మీద మర్చిపోయాను. మర్నాడు అదే టైముకి అదే స్టాపులో నిలబడి, బస్సెక్కి కండక్టర్‌తో "నిన్న ఇదే బస్సులో డబ్బా మర్చిపోయాను" అన్నాను. ఆయన టికెట్ కొడుతూనే "నంబర్ ఇదే, గాడి బేరె" అన్నాడు. బండి వేరు అని. రెండు మాటల్లో తేల్చేశాడు మీ రెండు రోజుల చర్చని.

కోడ్ కూలీ, 11:24

ఆయన్ని మా టీంలోకి తీసుకుంటాం.

ఇంగ్లీషు మీడియం, మధ్యాహ్నం 2:05

నాకు ఇంకో సేమ్ అర్థం కాలేదు. మా క్లయింటు అడిగిన రిపోర్టు ఇవ్వలేకపోయాను. సారీ చెప్తే "థాంక్స్ ఆల్ ది సేమ్" అని రాసింది. అందరికీ కలిపి థాంక్స్ చెప్పిందనుకుని టీం అందరికీ ఫార్వర్డ్ చేశాను.

పాత పుస్తకం, 2:30

అయ్యో! "అయినా సరే, థాంక్స్" అని ఆవిడ ఉద్దేశం. పని కాకపోయినా ప్రయత్నించావు కదా అని. ఆ ఆల్‌కి అందరితో పనిలేదు. అదే "ఇట్స్ ఆల్ ది సేమ్ టు మీ" అంటే మాత్రం నాకు ఏదైనా ఒకటే అని. "ఎట్ ది సేమ్ టైమ్" కూడా అంతే, ఒక్కోసారి ఒకేసారి, ఒక్కోసారి "అయితే మాత్రం".

ఇంకోటి కూడా చెప్పేస్తాను. "సేమ్ లైక్ దట్" అనకండి. "సేమ్ యాజ్ దట్" అనాలి. మన "లాగే" మనసులో ఉండి లైక్ అయి బయటికొస్తుంది. ముందు "ది" పెట్టడం కూడా మరిచిపోతాం, అది మాటల్లో చెల్లుతుంది, రాతలో చెల్లదు.

జాకెట్టు ముక్క, 2:48

"ఒకటే" అన్నారు గనక గుర్తొచ్చింది. మా పక్కింటి కన్నడావిడ తెలుగు నేర్చుకుంటోంది. ఒకటే అంటే "ఒందే", అంటే సేమ్ అని నేనే చెప్పాను. నిన్న ఫోన్లో మా అమ్మతో "ఇక్కడ పొద్దున్నించీ ఒకటే వాన" అంటుంటే విని, "ఒకటే వానా? మరి మీ ఊళ్ళోనూ ఇదే వాన పడుతోందా?" అని అడిగింది. తెరపి లేని వాన అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటే నవ్వు, ఒకటే దగ్గు, ఒకటే గొడవ. వీటిల్లో సేమ్ ఎక్కడుంది?

ఏకారం, 3:10

ఆగకుండా అదే జరుగుతోంది కాబట్టి ఒకటే. మధ్యలో ఇంకోటి దూరలేదు. మొదటి పోస్టులో గచ్చునేల గారు కూడా "ఒకటే ఆలోచన" అన్నారు, గమనించారా?

గచ్చునేల, సోమవారం రాత్రి 8:50

అందరికీ థాంక్స్. సదరు గోడ సంగతి. అటక మీద వెతికితే ఇల్లు కట్టినప్పటి టైల్స్ డబ్బా అట్ట దొరికింది, ఎలకలు సగం తిన్నాయి గానీ బ్యాచ్ నంబరు మిగిలింది. ఫొటో తీసుకుని ఇంకో మూడు షాపులు తిరిగాను. ఆ బ్యాచ్ ఎక్కడా లేదు. నాలుగో షాపులో పెద్దాయన "ఇక దొరకదు సార్" అన్నాడు.

చివరికి మా ఆవిడ తేల్చింది. కొత్తవి తొమ్మిదీ తీయించేసి, ఆ వరస మొత్తం ఈ గోడ నుంచి ఆ గోడకి ముదురు నీలం పట్టీ వేయించాం. చూసినవాళ్ళు డిజైన్ అనుకుంటున్నారు. ఊడదీసిన వాటిలో ఆరు పగలకుండా వచ్చాయి, ఇంకో మూడు డబ్బాలోనే ఉన్నాయి.

సైటు మీద ఉన్నా, 9:02

అన్నా, ఆ తొమ్మిదీ పారేయకు. మా అక్కావాళ్ళ వంటింట్లో అదే డిజైన్, నాలుగు పగిలాయి. రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా.

గచ్చునేల, 9:04

ముందు బ్యాచ్ నంబరు చెప్పు.